దగ్గితే తడి, నవ్వితే తడి: మూత్రం ఆపుకోలేకపోవడానికి కారణాలు, రకాలు, చికిత్స

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ నుంచి ముంగేలి వెళ్లే రోడ్డు మీద, మనియారీ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం తఖత్‌పూర్. చుట్టూ వరి పొలాలు. నాట్ల కాలంలో ఆడవాళ్లు ఉదయం నుంచి సాయంత్రం దాకా నడుము వంచి బురదలోనే ఉంటారు. మిగతా రోజుల్లో కట్టెల మోపులు, నీళ్ల బిందెలు, ఇప్పపువ్వు గంపలు మోస్తారు. కాన్పయిన కొన్ని వారాలకే మళ్లీ పనిలోకి దిగేవాళ్లు ఎందరో. ఇలా బతికే స్త్రీకి ముప్ఫై అయిదు, నలభై ఏళ్లు వచ్చేసరికి దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా నాలుగు చుక్కలు మూత్రం పడిపోవడం మొదలైతే ఆమె ఎవరితోనూ అనదు. చీర కొంచెం మందంగా కట్టుకుంటుంది. పెళ్లికో జాతరకో వెళ్లాల్సి వస్తే ముందు రోజు నుంచి నీళ్లు తాగడం తగ్గిస్తుంది. బస్సు ఎక్కడమే మానేస్తుంది.

ఈ మాట శ్రీకాకుళం పల్లెకూ, మెదక్ పల్లెకూ సరిపోతుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ సరిపోతుంది. తన ఇష్టం లేకుండా మూత్రం కారిపోవడాన్ని వైద్యులు యూరినరీ ఇన్‌కాంటినెన్స్ అంటారు. చుక్క పడినా, బట్టలన్నీ తడిసినా పేరు ఒకటే. ప్రపంచంలో జరిగిన అధ్యయనాల్లో చాలావాటిలో వయోజన స్త్రీలలో 25 నుంచి 45 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఉన్నట్లు తేలింది. పురుషులకూ వస్తుంది. వారిలో తక్కువ, అదీ వయసు పైబడిన తర్వాత ఎక్కువ. ఇంత మందికి ఉన్న సమస్యకు మన ఇళ్లలో సరైన పేరు కూడా లేదు. ‘చుక్కలు పడుతున్నాయి’, ‘ఆగడం లేదు’ అనడమే. అదైనా తల్లి కూతురితో అనాలి, లేదా తోడికోడలితో అనాలి. మగ డాక్టరు ఎదుట అనే మాట కాదు.

మూత్రం ఎలా ఆగుతుంది?

మూత్రపిండాలు రోజుకు సుమారు లీటరున్నర మూత్రాన్ని తయారుచేస్తాయి. అది చుక్కచుక్కగా రెండు నాళాల ద్వారా మూత్రాశయంలోకి చేరుతుంది. మూత్రాశయం సాగే కండరంతో చేసిన సంచి. 150 నుంచి 250 మిల్లీలీటర్లు చేరేసరికి ‘వెళ్తే బాగుండు’ అనిపిస్తుంది. 400 నుంచి 500 మిల్లీలీటర్లకు ఇక ఆగలేని స్థితి వస్తుంది. రోజులో ఏడెనిమిదిసార్లు వెళ్లడం, రాత్రి ఒకసారి లేవడం మామూలే.

ఈ సంచి నిండుతున్నంతసేపు రెండు పనులు ఒకేసారి జరగాలి. సంచి గోడ కండరం బిగుసుకోకుండా వదులుగా ఉండాలి. కింద ద్వారం మాత్రం బిగుతుగా మూసి ఉండాలి. మూత్ర విసర్జన సమయంలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. ద్వారం వదులవుతుంది, గోడ బిగుసుకుంటుంది. వెన్నుపాము నడుము, త్రికాస్థి భాగాల నుంచి వచ్చే నాడులు ఈ పని చూస్తాయి. ఎప్పుడు ఏది చేయాలో చెప్పే మీట మెదడు కాండంలో ఉంది. 1925లో ఫ్రెడరిక్ బారింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఆ చోటును గుర్తించాడు. ఆ మీట మీద మళ్లీ పైనున్న పెద్దమెదడు అజమాయిషీ ఉంటుంది. ‘ఇప్పుడు కాదు, ఇంటికి వెళ్లాక’ అని చెప్పేది అదే. పసిపిల్లల్లో ఈ అజమాయిషీ ఇంకా ఏర్పడదు కాబట్టే పక్క తడుపుతారు. పక్షవాతం వచ్చిన పెద్దవారిలో అది దెబ్బతింటే మళ్లీ అదే పరిస్థితి వస్తుంది.

ఇక కింది ఆధారం సంగతి. కటి భాగంలో ముందు జఘనాస్థి నుంచి వెనుక తోకఎముక దాకా ఒక కండరాల పరుపు పరుచుకుని ఉంటుంది. వైద్యులు దీన్ని పెల్విక్ ఫ్లోర్ అంటారు. నులక మంచం అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం మూడూ దీనిమీదే కూర్చుంటాయి. నులక బిగుతుగా ఉన్నంతకాలం అన్నీ వాటి చోట్లలో ఉంటాయి. కాన్పులో బిడ్డ తల ఈ కండరాల మధ్య నుంచే బయటికి రావాలి. అప్పుడు అవి ఎంతో సాగుతాయి, కొన్నిసార్లు చిరుగుతాయి, వాటికి వచ్చే నాడులు నలుగుతాయి. చాలామందిలో కొన్ని నెలల్లో కోలుకుంటాయి. కాన్పు మీద కాన్పు, దీర్ఘకాలం దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, బరువులు మోయడం, ఊబకాయం, ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గడం, ఇవన్నీ కలిస్తే మాత్రం అది కుక్కిమంచం అవుతుంది.

తోటకు నీళ్లు పెట్టే రబ్బరు పైపును సిమెంటు నేల మీద కాలితో తొక్కితే నీళ్లు ఆగిపోతాయి. బురదలో తొక్కితే పైపు కిందికి దిగుతుంది తప్ప నీళ్లు ఆగవు. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరిగి మూత్రనాళాన్ని కిందికి నొక్కుతుంది. కింద గట్టి నేల ఉంటే నాళం మూసుకుంటుంది. నేల మెత్తబడితే మూసుకోదు, చుక్కలు పడతాయి.

రకాలు: చికిత్స ఎంచుకోవాలంటే ముందు ఇది తేలాలి

పైన చెప్పినదాన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఈ పేరు తెలుగువారిని కాస్త తప్పుదోవ పట్టిస్తుంది. స్ట్రెస్ అనగానే మనసుకు కలిగే ఒత్తిడి గుర్తుకొస్తుంది. ఇక్కడ దానికీ దీనికీ సంబంధం లేదు. పొట్టలో పెరిగే ఒత్తిడి ఇది. దగ్గు, తుమ్ము, నవ్వు, పరుగు, బరువు ఎత్తడం, వీటితో పాటే చుక్కలు పడతాయి. రాత్రి పడుకున్నప్పుడు సాధారణంగా ఇబ్బంది ఉండదు. నలభై, యాభై ఏళ్ల స్త్రీలలో ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండోది తొందర రకం, అంటే అర్జ్ ఇన్‌కాంటినెన్స్. ఇందులో ద్వారం బాగానే ఉంటుంది, సంచి గోడ కండరమే చెప్పినమాట వినదు. పూర్తిగా నిండకముందే బిగుసుకుంటుంది. ఉన్నట్టుండి తట్టుకోలేనంత తొందర వస్తుంది, మరుగుదొడ్డి తలుపు గడియ తీసేలోపే తడిసిపోతుంది. చెయ్యి నీళ్లలో పెట్టినా, కుళాయి చప్పుడు విన్నా, ఇంటి తాళం తీస్తున్నా కొందరికి ఇలా అవుతుంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తారు. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మూత్రాశయంలో రాయి, పార్కిన్సన్ జబ్బు, పక్షవాతం, వెన్నుపాము సమస్యలు దీనికి కారణం కావచ్చు. చాలాసార్లు కారణం ఏదీ దొరకదు. ఈ రెండు రకాలూ కలిసి ఉండేది మిశ్రమ రకం.

మూడోది పొంగిపొర్లే రకం. ట్యాంకు నిండాక అంచు మీది నుంచి నీళ్లు కారినట్లు, మూత్రాశయం ఎప్పటికీ ఖాళీ కాక, నిండినది నిండినట్లే ఉండి చుక్కచుక్కగా కారుతుంది. పురుషుల్లో ప్రొస్టేట్ గ్రంథి పెరిగి దారి మూసేయడం ప్రధాన కారణం. దీర్ఘకాలం అదుపులో లేని మధుమేహం మూత్రాశయ నాడులను దెబ్బతీసినా ఇలాగే అవుతుంది. రోగి ‘కారుతోంది’ అంటాడు కానీ అసలు సమస్య ‘పోకపోవడం’. ఇది గుర్తించకుండా తొందర రకానికి ఇచ్చే మాత్రలు ఇస్తే మూత్రం పూర్తిగా బిగిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు మూత్రం పోసిన వెంటనే లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు.

సన్నగా ఉన్నవారికి మధుమేహం రాదన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. తఖత్‌పూర్ ప్రాంతంలోని గనియారీ గ్రామంలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ ఆసుపత్రి నడుపుతోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు వైద్యులు కలిసి 1996లో ఈ సంస్థను ప్రారంభించారు. అచానక్‌మార్ అడవి గ్రామాల దాకా వీరి సేవలు వెళ్తాయి. బక్కపలచగా ఉన్న పేదల్లో కూడా మధుమేహం కనిపించడం గురించి అక్కడి వైద్యులు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందో లేదో గ్రామంలోనే, కొద్ది రూపాయల ఖర్చుతో తేల్చే పరీక్షను తయారుచేసింది కూడా వీరే. తొందర రకంలో మొట్టమొదట తోసిపుచ్చాల్సింది ఇన్ఫెక్షనే కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

నాలుగోది శరీరంలో లోపం లేకున్నా వచ్చేది. మోకాళ్ల నొప్పులతో ముసలావిడ మంచం దిగి పెరట్లోకి వెళ్లేసరికి ఆలస్యమవుతుంది. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దాయనకు మరుగుదొడ్డి ఎటువైపో తోచదు. ఇలాంటి చోట మాత్రల కంటే మంచం పక్కన పెట్టే కమోడు కుర్చీ, రాత్రి వెలిగే చిన్న బల్బు, ముడి బదులు ఎలాస్టిక్ ఉన్న బట్టలు ఎక్కువ పనిచేస్తాయి. సౌకర్యం లేకపోవడం ఉద్యోగాల్లోనూ ఉంది. బొగ్గు రవాణాకు పేరుపడ్డ బిలాస్‌పూర్ రైల్వే జోన్‌లో గూడ్స్ రైళ్లు నడిపే లోకో పైలట్లకు గంటల తరబడి ఇంజను దిగే వీలుండదు. ఇంజన్లలో మరుగుదొడ్లు పెట్టడం మన దేశంలో 2016లో గానీ మొదలు కాలేదు. మహిళా లోకో పైలట్లు చాలామంది నీళ్లు తాగడం తగ్గించుకుని డ్యూటీకి వెళ్తారు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, ఇన్ఫెక్షన్లకు, రాళ్లకు ఆస్కారం పెరుగుతుంది. పొలానికి వెళ్లే స్త్రీలు, బడిలో సరైన మరుగుదొడ్డి లేని ఆడపిల్లలు చేసేదీ ఇదే.

అయిదోది అన్నింటికంటే దారుణమైనది. పగలూ రాత్రీ ఆగకుండా కారుతూనే ఉంటుంది. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడటం దీనికి కారణం. దీన్ని ఫిస్టులా అంటారు. కాన్పు అడ్డం తిరిగి రోజుల తరబడి బిడ్డ తల లోపల ఇరుక్కుంటే, ఆ ఒత్తిడికి రక్తం అందక మధ్య గోడ చచ్చుబడి ఊడిపోతుంది. ఆసుపత్రి కాన్పులు పెరిగాక ఇది బాగా తగ్గింది. ఛత్తీస్‌గఢ్‌లో 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆసుపత్రి కాన్పులు 15 శాతం దగ్గరే ఉండేవి. 2019-21 సర్వేకు అవి 85 శాతం దాటాయి. ఇప్పుడు కనిపించే ఫిస్టులాల్లో చెప్పుకోదగ్గ భాగం శస్త్రచికిత్సల్లో జరిగిన గాయాల వల్ల వస్తున్నది. వాటిలో ముందు వరుసలో ఉన్నది గర్భసంచి తొలగింపు.

గర్భసంచి తీసేస్తే తగ్గుతుందా?

ఇక్కడ కాస్త ఆగాలి. కింది భాగంలో ఏ ఇబ్బంది వచ్చినా, అది తెల్లబట్ట కావచ్చు, నడుంనొప్పి కావచ్చు, చుక్కలు పడటం కావచ్చు, మన పల్లెల్లో వినిపించే సలహా ఒక్కటే: ‘సంచి తీయించేసుకో, పీడ పోతుంది’. పిల్లలు పుట్టాక ఇక దానితో పనేమిటన్న ఆలోచన. క్యాన్సరు వస్తుందన్న భయం దానికి తోడు. 2019-21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశంలో పై వరుసలో ఉన్నవి మన రెండు రాష్ట్రాలే. ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి ముప్ఫై అయిదేళ్లయినా నిండలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ శస్త్రచికిత్సలు ఎంతగా పెరిగాయంటే ప్రభుత్వం వాటిపై ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ కథ కూడా ఇంతే. పేద కుటుంబానికి ఏడాదికి 30 వేల రూపాయల దాకా చికిత్స అందించే రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కార్డులు చేతికి వచ్చాక, 2012లో అవసరం లేకుండా గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు ఆ రాష్ట్రాన్ని కుదిపేశాయి. కొందరు వైద్యుల రిజిస్ట్రేషన్లు నిలిపివేశారు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి శస్త్రచికిత్సలపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. అనవసర గర్భసంచి తొలగింపులను ఆపడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

మూత్రం సంగతికి వస్తే, గర్భసంచి తీయడం చుక్కలు పడటానికి మందు కాదు. పైగా అది ఆ ఇబ్బందిని తెచ్చిపెట్టవచ్చు. గర్భసంచిని పట్టి ఉంచే బంధనాలను, చుట్టుపక్కల నాడులను కోయకుండా దాన్ని తీయలేరు. ఆ బంధనాలే మూత్రాశయానికీ ఆసరా. స్వీడన్‌లో గర్భసంచి తీయించుకున్న 1.65 లక్షల మంది స్త్రీలను, తీయించుకోనివారితో పోల్చి మూడు దశాబ్దాల వైద్య రికార్డులు పరిశీలించారు. 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, స్ట్రెస్ రకానికి శస్త్రచికిత్స చేయించుకోవాల్సిన పరిస్థితి మొదటి వర్గంలో 2.4 రెట్లు ఎక్కువ. గర్భసంచి బయటికి జారినప్పుడు, క్యాన్సరు ఉన్నప్పుడు, ఆగని రక్తస్రావం మందులకు లొంగనప్పుడు తీయక తప్పదు, ఆ మాటలో తేడా లేదు. కానీ దగ్గితే చుక్కలు పడుతున్నాయని వెళ్లిన స్త్రీ సంచి లేకుండా తిరిగి వస్తే, ఆమెకు జరిగింది చికిత్స అనలేం.

తఖత్‌పూర్ బ్లాకులో స్త్రీలకు ‘ఆపరేషన్’ అన్న మాట వేరే రకంగానూ గుర్తుంటుంది. 2014 నవంబరు 8న అక్కడి సకరీలో నడిచిన కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే వైద్యుడు కొన్ని గంటల్లో 83 మందికి శస్త్రచికిత్స చేశాడు. ఆ తర్వాతి రోజుల్లో పది మందికి పైగా మరణించారు. అలాంటి చోట కత్తి అవసరం లేని చికిత్స ఒకటి ఉందని చెప్పడం మరీ అవసరం.

కండరాన్ని మళ్లీ బిగించడం

1948లో అమెరికా స్త్రీవైద్య నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్ ఒక పద్ధతిని ప్రచురించాడు. కాన్పుల తర్వాత వదులైన కటి కండరాలకు చేతి కండరాలకు ఇచ్చినట్లే వ్యాయామం ఇస్తే అవి తిరిగి బలపడతాయని చూపించాడు. ఆయన పేరుతోనే వీటిని కెగెల్ వ్యాయామాలు అంటున్నారు. వీటికి పరికరం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, పక్కన కూర్చున్నవారికి కూడా తెలియదు. కాకపోతే సరైన కండరాన్ని గుర్తించాలి. చాలామంది ఇక్కడే పొరబడి పొట్టను బిగిస్తారు, పిరుదులు బిగిస్తారు, ఊపిరి బిగబడతారు.

నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఎలా బిగబడతామో అలా మలద్వారాన్ని, దానితో పాటే మూత్రాన్ని ఆపుతున్నట్లు ముందు భాగాన్ని లోపలికి, పైకి లాగాలి. పొట్ట, తొడలు కదలకూడదు, ఊపిరి మామూలుగా ఆడుతుండాలి. మొదట్లో మూడు నాలుగు సెకన్లు పట్టుకోగలిగితే చాలు, క్రమంగా పది సెకన్లకు పెంచాలి. పట్టుకున్నంతసేపు వదిలి విశ్రాంతి ఇవ్వాలి. ఒక్కో విడతలో ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రోజుకు మూడు విడతలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూడటం కండరాన్ని గుర్తించడానికి ఒకటి రెండుసార్లయితే ఫరవాలేదు, దాన్ని రోజువారీ వ్యాయామంగా చేయకూడదు. అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. నర్సు గానీ ఫిజియోథెరపిస్టు గానీ ఒకసారి పరీక్షించి సరిగా బిగిస్తున్నారో లేదో చెబితే ఫలితం ఇంకా బాగుంటుంది.

ఇంకో చిన్న కిటుకు ఉంది. దగ్గు వస్తుందని తెలిసిన క్షణంలో, బిందె ఎత్తబోయే ముందు, ముందుగానే ఆ కండరాన్ని బిగించాలి. అలవాటయ్యాక అది దానంతట అదే జరుగుతుంది.

ఫలితం కనిపించడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. రెండు వారాలు చేసి ‘ఏమీ లేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన 2018 కాక్రేన్ సమీక్షలో, స్ట్రెస్ రకం ఉండి ఈ వ్యాయామాలు చేసిన స్త్రీలలో నూటికి 56 మంది తమకు పూర్తిగా తగ్గిందన్నారు. ఏ చికిత్సా తీసుకోనివారిలో అలా అన్నది నూటికి ఆరుగురే. ఇంత తేడా చూపించే మాత్ర ఉండి ఉంటే దాని ప్రకటన ప్రతి మందుల దుకాణం గోడ మీదా ఉండేది.

బరువు తగ్గడమూ మందే. ఊబకాయం ఉన్న 338 మంది స్త్రీలపై అమెరికాలో జరిపి 2009లో ప్రచురించిన పరిశీలనలో, ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గినవారిలో మూత్రం కారే సందర్భాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఈ మాట పట్టణాల్లోని తెలుగు మధ్యతరగతికి వర్తిస్తుంది. పొలం పనిచేసి ఎండిపోయిన స్త్రీకి కాదు. ఆమెకు కావాల్సింది కాన్పు తర్వాత బరువులు ఎత్తని కొన్ని వారాలు, దగ్గుకు వైద్యం, పొగ లేని పొయ్యి.

తొందర రకానికి దారి వేరు. ఇక్కడ శిక్షణ ఇవ్వాల్సింది మూత్రాశయానికి. మూడు రోజులపాటు ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు తడిసింది అని ఒక కాగితం మీద రాసుకోవాలి. చదువు రానివారు గీతలు పెట్టుకున్నా సరిపోతుంది. గంటకోసారి వెళ్తున్నట్లు తేలితే, తొందర వచ్చినా వెంటనే పరుగెత్తకుండా కూర్చుని, కటి కండరాన్ని అయిదారుసార్లు బిగించి వదిలి, మనసు వేరే దానిమీద పెట్టి, పావుగంట ఆగి వెళ్లాలి. వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతే ఆరు వారాల్లో రెండున్నర మూడు గంటల విరామం చాలామందికి సాధ్యమవుతుంది. టీ, కాఫీ తగ్గించాలి. నీళ్లు మాత్రం మరీ తగ్గించకూడదు. రాత్రి పదేపదే లేచేవారు సాయంత్రం తర్వాత తాగేది తగ్గించుకుంటే చాలు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి. వాటిని రాత్రి వేసుకుంటున్నారేమో డాక్టరుతో మాట్లాడి సమయం మార్చుకోవచ్చు.

దీనితో తగ్గకపోతే మాత్రలున్నాయి. ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్ వంటివి మూత్రాశయ కండరం బిగుసుకోకుండా చూస్తాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం వీటితో వచ్చే ఇబ్బందులు. వృద్ధుల్లో మతిమరుపు పెరిగే అవకాశం ఉంది కాబట్టి జాగ్రత్తగా వాడాలి. మిరాబెగ్రాన్ వేరే మార్గంలో పనిచేస్తుంది, దాన్ని వాడేటప్పుడు రక్తపోటు చూసుకోవాలి. మాత్రలకూ లొంగకపోతే మూత్రాశయ గోడలోకి బొటులినం ఇంజెక్షన్లు, త్రికాస్థి నాడికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరం ఉన్నాయి. ఇవి పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతాయి, ఖర్చూ ఎక్కువ.

స్ట్రెస్ రకానికి గట్టిగా చెప్పుకోదగ్గ మాత్ర లేదు. ముట్లుడిగినవారికి యోనిలో రాసే ఈస్ట్రోజన్ క్రీము కొంత ఉపశమనం ఇస్తుంది. గర్భసంచి జారినవారికి లోపల అమర్చే సిలికాన్ రింగు ఆసరాగా నిలుస్తుంది. వ్యాయామం చేసినా తగ్గనివారికి మూత్రనాళం కింద సన్నని పట్టీ ఊయలలా అమర్చే శస్త్రచికిత్స ఉంది. 1990లలో ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, పీటర్ పెట్రోస్ దీనికి రూపం ఇచ్చారు. చాలామందికి బాగా పనిచేసింది. అయితే పట్టీగా వాడే ప్లాస్టిక్ జాలీ లోపల కోసుకుపోయి నొప్పి మిగిల్చిన సందర్భాలు రావడంతో 2018లో ఇంగ్లండ్ దాని వాడకాన్ని తాత్కాలికంగా నిలిపింది. జాలీ బదులు రోగి సొంత కణజాలంతోనే పట్టీ వేసే పద్ధతీ ఉంది. ఏది వేస్తున్నారో, తర్వాత ఏం కావచ్చో ముందే అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

పురుషుల్లో ప్రొస్టేట్ అడ్డును తొలగిస్తే పొంగిపొర్లే రకం చాలావరకు తగ్గుతుంది. ప్రొస్టేట్ క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగాక కొన్ని నెలలు చుక్కలు పడటం మామూలు. కెగెల్ వ్యాయామాలు వారికీ ఉపయోగమే, శస్త్రచికిత్సకు ముందే మొదలుపెడితే మంచిది. ఏడాది దాటినా ఆగనివారికి కృత్రిమ కవాటం అమర్చే అవకాశం ఉంది. ఫిస్టులాకు మాత్రం వ్యాయామం, మాత్రలు పనిచేయవు. రంధ్రాన్ని కుట్టాల్సిందే. అనుభవం ఉన్న చేతుల్లో మొదటిసారి చేసే శస్త్రచికిత్సకే విజయావకాశం ఎక్కువ కాబట్టి దగ్గరలో ఎవరో ఒకరి దగ్గర కాకుండా, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లడం మేలు. తఖత్‌పూర్ వారికి అది బిలాస్‌పూర్‌లోని సిమ్స్, లేదా రాయ్‌పూర్ ఎయిమ్స్.

ఎవరు అడగాలి?

ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మితానిన్ కార్యక్రమం మొదలైంది. మితానిన్ అంటే అక్కడి భాషలో నేస్తం కట్టుకున్న చెలికత్తె. ఊరి స్త్రీలే ఎన్నుకున్న ఊరి స్త్రీ. దేశమంతా ఆశా కార్యకర్తలు రావడానికి ముందే ఈ ఏర్పాటు నడిచింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో దాదాపు 70 వేల మంది మితానిన్లు ఉన్నారు. కాన్పయిన ఇంటికి వాళ్లు వెళ్తారు, బిడ్డ బరువు, పాలు, టీకాల గురించి అడుగుతారు. తెలుగు రాష్ట్రాల్లో ఆశాలు చేసేదీ అదే. ఆ పలకరింపులోనే ‘దగ్గితే చుక్కలు పడుతున్నాయా వదినా?’ అన్న ఒక్క ప్రశ్న చేరితే, కాన్పయిన ఆరు వారాలకే వ్యాయామం నేర్పవచ్చు. అడగనిదే ఈ మాట బయటికి రాదు. వైద్యులు కూడా అడగరు, రోగుల వరుస పొడవుగా ఉంటుంది.

ఇంట్లో నేర్చుకునే వ్యాయామంతో సరిపెట్టుకోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూత్రంలో రక్తం కనిపించినా, మంటతో పాటు చలిజ్వరం వచ్చినా, పొత్తికడుపు ఉబ్బి మూత్రం రాకపోయినా, యోని నుంచి ఏదో జారుతున్నట్లు ఉన్నా, కాన్పు లేదా శస్త్రచికిత్స తర్వాత ఆగకుండా కారుతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. నడుంనొప్పితో పాటు కాళ్లు బలహీనపడి, కూర్చునే భాగం తిమ్మిరెక్కి, మూత్రం మీద అదుపు పోతే అది వెన్నులో నాడులు నలుగుతున్నాయన్న సూచన. ఆ స్థితిలో గంటలు కూడా లెక్కే. ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.